కంది దూరాలి, శనగ ఆగాలి

వీడియోలో మనిషి మాటల్లో నేను పట్టుకున్నది ఒక్క ముక్కే: "చన్నీళ్ళలో నానబెట్టండి." ఆయన వెనక ఒక కిటికీ ఉంది, కిటికీలో మంచు కురుస్తోంది. మే నెలలో, మధ్యాహ్నం రెండు గంటలకు, కర్నూలులో మిద్దె మీది నల్ల ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళను ఆయన జన్మలో ముట్టుకోలేదని ఆ మంచు చూసినప్పుడే నాకు తట్టి ఉండాల్సింది. తట్టలేదు. నేను చన్నీళ్ళ కొళాయే తిప్పాను. కాకపోతే మా ఊళ్ళో ఆ నెలలో చన్నీళ్ళ కొళాయి అనేది ఒక నమ్మకం, అంతే. మగ్గు నింపి, అందులో మా ఓనరు సారు పెన్ను వేసి, పక్కన కూర్చుని ఒక కునుకు తీశాను.

గంట తర్వాత చూస్తే, నల్లగా నిగనిగలాడుతూ నీళ్ళలోకి దిగిన పెన్ను గోరింటాకు రంగులో తేలింది.

అది ఎవరి పెన్నో, దాన్ని ఎందుకు నానబెట్టానో ముందు చెప్పాలి.

నేను కోడుమూరు పక్క పల్లె వాణ్ణి. కర్నూలులో ఒక మిద్దె మీది గదిలో ఉండి, నాలుగేళ్ళుగా సర్కారు ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాను. నాకంటే ముందు నుంచి, ఏడేళ్ళుగా ఎనిమిదేళ్ళుగా చదువుతున్నవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు కాబట్టి నేను ఇంకా జూనియర్ కిందే లెక్క. కింది వాటాలో ఓనరు సారు, ఆయన భార్య ఉంటారు. ఆవిడను నేను అమ్మా అనే పిలుస్తాను. సారు రిటైరైన తెలుగు పంతులు. పేరు వినగానే కొత్తవాళ్ళు "ఉర్దూ చెప్పేవారా సార్?" అంటారు. సారుకు ఒళ్ళు మండుతుంది. "మా అవ్వ గూడా తెలుగులోనే తిట్టేదప్పా మమ్మల్ని," అంటారు.

ఆయన ఉద్యోగంలో సగం మా పక్క పల్లెల్లోనే గడిచింది. పగలు పిల్లలకు చెప్పేవారు. సాయంత్రం బడి వదిలాక, కూలికి పోయి వచ్చిన పెద్దవాళ్ళకు చెప్పేవారు. పెద్దవాళ్ళకు ఆయన నేర్పింది ఒకటే పాఠం, సొంత పేరు. అ ఆలు ఎప్పుడైనా నేర్చుకోవచ్చు, ముందు నీ పేరు నువ్వు రాయి అనేవారట. ఎవరైనా అలవాటు కొద్దీ బొటనవేలు ముందుకు చాపితే, సుద్దముక్కతో ఆ వేలి చుట్టూ సున్నా చుట్టి, "ముద్ర ఏసేది సంతలో ఎద్దుకు. నువ్వు ఎద్దువా?" అని అడిగేవారట. ఆ సాయంత్రం బడిలో మా జేజి, అంటే మా నాన్నమ్మ, ఒకతె. నేర్చుకున్న సంతకాలకు సారు పదికి మార్కులు వేసేవారు. మా జేజికి నాలుగు వేశారు. అదంతా నేను పుట్టకముందు సంగతి. అయినా ఆ నాలుగు మార్కుల వ్యవహారం మా ఇంట్లో పొలం గట్టు తగాదా లాగా ఇప్పటికీ నడుస్తూనే ఉంది. "ఆ పక్కింటామెకు ఆరేసినాడు. ఆమె 'మ' నా 'మ' కంటే ఏం బాగుండాది?" అంటుంది జేజి. నాకు ఈ గది దొరికింది కూడా ఆ నాలుగు మార్కుల చుట్టరికంతోనే.

పోయిన వానల కాలంలో సారుకు పక్షవాతం వచ్చింది. మాట వారంలో తిరిగొచ్చింది. "అదొక్కటి ఇంగొంచెం నిదానంగా వచ్చినా ఏం కాకపోవు," అంది అమ్మ. కాలు నెలకు వచ్చింది. కుడిచెయ్యి మాత్రం సగం దారిలో ఆగిపోయింది. చెంచా పట్టుకుంటుంది, తలుపు గడి తీస్తుంది, కానీ నొక్కలేదు. బాల్‌పెన్ను నొక్కితే తప్ప రాయదు. సారు సంతకం చేస్తే కాగితం మీద ఏమీ పడేది కాదు. పక్కకు వంచి వెలుతురులో చూస్తే గీత కనబడేది. దొంగ నోటును చూసినట్టు చూడాలి.

ఇంతలో మనవరాలి నిఖా కుదిరింది. కూతురి కూతురు. పెండ్లి కడపలో, ఇంకా పన్నెండు రోజులుంది. పెండ్లికూతురి తరఫున వకీలుగా ఉండాల్సింది సారు. ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని పిల్ల దగ్గరికి పోయి, ఈ పెండ్లి నీకు ఇష్టమేనా అని అడిగి, ఆ మాట తెచ్చి సభలో ఖాజీకి చెప్పి, నిఖానామాలో సంతకం పెట్టడం వకీలు పని. అడగడం, చెప్పడం వరకు సారుకు ఇబ్బంది లేదు. నిజం చెప్పాలంటే అడగకపోయినా చెప్తారు. మిగిలింది సంతకం.

కడప నుంచి అల్లుడు ఫోను చేశాడు. నేను వరండాలో పేపరు చదువుతున్నాను. సారు ఫోను ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది కాబట్టి వీధిలో సగం మంది విన్నారు.

"మామా, మీరేం పరేషాన్ కావద్దు. ఖాజీతో మాట్లాడినా. ఏలిముద్ర ఏసినా సెల్లుతాదంట. ఇంకు ప్యాడు గూడా ఆయనే తెస్తాడంట."

అల్లుడు మంచివాడు. మామకు కష్టం కలగకూడదనే ఆ ఏర్పాటు చేశాడు. సారు "సరే" అని ఫోను పక్కన పెట్టారు. అమ్మ తెచ్చిన టీ చల్లారిపోయింది. అంటే, ఆ ఎండకు మా ఊళ్ళో టీ చల్లారదు. సారు దాన్ని తాగలేదు అని నా ఉద్దేశం.

సాయంత్రానికి నోరు తెరిచారు. "వకీలుగా నేనుండను. వాళ్ళ చిన్నాయనను పెట్టుకోమను."

"అదేందయ్యా!" అంది అమ్మ. "పిల్ల మాటలొచ్చినప్పటి నుంచి సెప్తాండాది, మా నానానే నాకు వకీలు అని." నానా అంటే అమ్మ నాన్న.

"అంతమందిలో ఏలు సాపి నిలబడల్లా నేను? ఆ ఏలు సాపినందుకు ఎంతమందిని ఎన్నెన్ని మాటలన్నానే!" సారు నా వైపు తిరిగారు. "ఈళ్ళ జేజి ఇంటే ఏమంటాది?"

మా జేజి వింటే ఏమీ అనదు. పదికి సున్నా వేస్తుంది. అది పైకి అనకుండా మింగాను. నేను మింగిన జోకులు తక్కువ కాబట్టి అది నాకు బాగా గుర్తుంది.

నొక్కకుండా రాసేది ఇంకు పెన్ను ఒక్కటే. మర్నాడు నేను పుస్తకాల షాపుకు పోయి స్కూలు పిల్లలు వాడేది ఒకటి తెచ్చాను. అది సన్నగా బీడీలా ఉంది. సారు మూడు వేళ్ళూ దాని చుట్టూ పూర్తిగా ముడుచుకోలేదు, అది జారి కింద పడింది. రెండోసారి పడినప్పుడు పాళీ నేలకు గుచ్చుకుని రెండుగా చీలింది. అప్పుడు అమ్మ లోపలికి పోయి, ట్రంకు పెట్టె అడుగు నుంచి ఒక గుడ్డ మూట తెచ్చింది. అందులో ఉంది ఆ పెన్ను.

బొటనవేలి కంటే లావు. ఎబొనైట్ అనే గట్టి నల్ల రబ్బరును చేత్తో తిప్పి చేసినది. సారుకు ఉద్యోగం వచ్చినప్పుడు ఆయన నాన్న కొనిచ్చారట. ఆ నాన్న జీవితాంతం వేలిముద్రే వేశారు. షాపులో పెన్ను చేతిలోకి తీసుకుని ఒకటే ప్రశ్న అడిగారట: "ఇది తెలుగే రాస్తాదా, ఉర్దూ గూడా రాస్తాదా?" షాపాయన నవ్వకుండా "రెండూ రాస్తాది సాయిబూ, కుడి నుంచి ఎడమకు గూడా పోతాది" అన్నాడట. ఈ కథ చెప్పి సారు మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోబోయారు. అమ్మ వెంటనే, "ఆ పెన్నుతోనే గదా నా మీద మా నాయనకు కంప్లైంటు రాసినావు," అని గుర్తు చేసి సంగతిని దారిలో పెట్టింది.

సారు చెయ్యి ఆ పెన్ను చుట్టూ చక్కగా కుదిరింది. దానికోసమే ముడుచుకుని ఎదురుచూస్తున్నట్టు ఉంది. పెన్ను మాత్రం రాయలేదు. పదేళ్ళ పైగా మూటలో పడుకున్నది, లోపల సిరా ఎండి రాయిలా అయింది. సిరా సీసాలో ముంచి రాస్తే రెండక్షరాలకు ఆరిపోయింది. సారు పేరు ఇంటిపేరుతో కలిపి పద్నాలుగు అక్షరాలు. రెండక్షరాలకోసారి ముంచుకుంటూ పోతే ఖాజీ విసుగొచ్చి పెండ్లికొడుకును ఇంటికి పంపేస్తాడు.

పాత బస్టాండు దగ్గర ఒకప్పుడు పెన్నులు బాగుచేసిన షాపుకు పోయాను. షాపు ఉంది, షాపాయన ఉన్నాడు, గోడ నిండా ఫోను కవర్లు ఉన్నాయి.

"పెన్నులు యాడుండాయప్పా ఇప్పుడు," అన్నాడాయన. "ఫోను తెచ్చుకో, గ్లాసు ఏసిస్తా."

అలా నేను వీడియోలకు, మంచు కురిసే కిటికీకి, మగ్గుకు చేరుకున్నాను. వేడి తగిలితే ఎబొనైట్ రంగు మారుతుందని అదే వీడియోలో తర్వాతి నిమిషంలో ఉంది. నేను కునుకు తీసింది ఆ నిమిషంలోనే.

పెన్నును తువ్వాలులో చుట్టుకుని కిందికి దిగిన ఆ పన్నెండు మెట్లు నా బతుకులో చాలా పొడుగాటివి. సారు వరండాలో కూర్చుని ఉన్నారు. తువ్వాలు విప్పి చూపించాను.

ఆయన వంగి చూశారు. "ఏందప్పా ఇది?"

"మీ పెన్నే సార్."

"నా పెన్ను నల్లగుండాది."

అమ్మ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, పెన్నును చూసి, సారు గడ్డాన్ని చూసింది. సారు గడ్డానికి గోరింటాకు పెట్టుకుంటారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. "సరిపోయింది. నీ గడ్డం గూడా ఒకప్పుడు నల్లగానే ఉన్నింది. దానికెవరు ఏడ్సినారు?"

సారు నవ్వలేదు. కానీ పెన్నును చేతిలోకి తీసుకుని, గొట్టాన్ని ఊరికే అలా తిప్పారు. మర కదిలింది. సిరా పోసుకునే గొట్టం విడిపోయి వచ్చింది. పదేళ్ళ తర్వాత పెన్ను మొదటిసారి నోరు తెరిచింది. వేడినీళ్ళు చేసిన మేలు అదొక్కటి. దాన్ని నేను కావాలనే చేశానని చెప్పుకునే అవకాశం ఉండింది, కానీ ముఖం సహకరించలేదు.

ఇక మిగిలింది ముందు భాగం. మనం వేళ్ళతో పట్టుకునే చోటు గొంతు అనుకుందాం. ఆ గొంతులో పాళీ, పాళీ కింద సిరాను నడిపించే నల్లటి ముక్క బిగించి ఉంటాయి. ఆ ముక్కను చిన్నప్పుడు నాలుక అనేవాళ్ళం. ఎండిన సిరా రెండింటినీ గొంతుకు అతికించేసింది. వాటిని బయటికి తీసి కడిగితే తప్ప పెన్ను రాయదు. పట్టకారుతో లాగితే నాలుక బిస్కెట్టులా విరుగుతుంది. లాగకూడదు, వెనక నుంచి తోయాలి. దానికొక పనిముట్టు ఉంది. ఒక దిమ్మె, దిమ్మెకు ఒక రంధ్రం. గొంతు ఆ రంధ్రం అంచు మీద కూర్చోవాలి, పాళీ కిందికి వేలాడాలి. పైనుంచి గొంతులోకి ఒక కడ్డీ దింపి, మెల్లగా తట్టాలి. అంతే. ఆ దిమ్మెను ఆన్‌లైన్లో పెడితే ఇరవై రోజులకు వస్తుందన్నారు. నిఖాకు పది రోజులే ఉంది.

"దిమ్మెకు రంధ్రం పెట్టేదానికి ఇరవై దినాలా?" అంది అమ్మ. "సేసుకుంటే పోలా?"

అందుకే నేను ఆదివారం పొద్దున మటన్ అంగడి ముందు నిలబడ్డాను. చెక్క గట్టిగా ఉండాలి, దెబ్బకు చీలకూడదు. రోజూ వందల దెబ్బలు తిని చీలని చెక్క మా వీధిలో ఒక్కటే ఉంది, మాంసం కొట్టే చింతమొద్దు. పాత మొద్దు అంచు ఒకటి విరిగి అంగడి వెనక పడి ఉందని నాకు తెలుసు.

"పెన్నుకు మొద్దు యాలప్పా?" అన్నాడు అంగడాయన, కత్తి ఆపకుండానే. "దాన్ని గూడా కొడతావా?"

"మెల్లగా కొడతానన్నా."

"ఎవరి పెన్ను?"

సారుదని చెప్పాను. ఆయన కత్తి ఆపాడు. లోపలికి పోయి విరిగిన ముక్క తెచ్చి, అడగకుండానే కత్తితో నాలుగు పక్కలా చెక్కి చదును చేశాడు. "నా ఏడో తరగతి సర్టిఫికెట్టు మీద పేరు రాసినాడు సారు, ఆ పెన్నుతోనే అనుకుంటా. సదువు రాలేదు గానీ, పేరు మాత్రం ముత్యాల మాదిరి ఉండాది." తర్వాత గొంతు తగ్గించి, "అరకిలో గూడా ఇమ్మంటావా?" అన్నాడు. వ్యాపారం వ్యాపారమే.

దిమ్మెను మూడుసార్లు సబ్బు పెట్టి కడిగాను. అయినా మూడు రోజులు మా మెట్ల మీద ఒక పిల్లి కాపలా కూర్చుంది.

కడ్డీ అమ్మ ఇచ్చింది. అటక మీద పాత పంపు స్టవ్వు ఉంది, కిరసనాయిలుది. దాని పంపు లోపలి కడ్డీ ఊడదీసింది. నున్నగా, నిటారుగా, గొంతులో దిగేంత సన్నంగా ఉంది. కొనకు సైకిలు వాల్వుకు తొడిగే రబ్బరు గొట్టం ముక్క తొడిగాను, నాలుకకు దెబ్బ తగలకుండా. "పనైనాక నా కడ్డీ నాకీయాల," అంది అమ్మ.

"ఆ స్టవ్వు ఎలిగిచ్చి ఎన్నేండ్లాయనే?" అన్నారు సారు.

"నీ పెన్ను రాసి ఎన్నేండ్లాయ?"



రంధ్రం దగ్గర నేను మళ్ళీ నా తెలివి చూపించాను. బురుజు దగ్గర ఒక వడ్రంగి ఉన్నాడు, చేత్తో తిప్పే బరమాతో రంధ్రాలు పెడతాడు. "ఎన్ని నూళ్ళు?" అన్నాడు. వడ్రంగుల లెక్కలో అంగుళానికి ఎనిమిది నూళ్ళు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. నేను నాలుగేళ్ళుగా ప్రపంచంలోని అన్ని సంగతులూ చదువుతున్నాను. రాజ్యాంగంలో ఏ అధికరణం ఏం చెప్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నూలు అంటే ఎంతో తెలియదు. "ఇంత," అని రెండు వేళ్ళ మధ్య సందు చూపించాను. ఆయన ఇంతే పెట్టాడు. ఇంటికొచ్చి పెన్ను గొంతు అందులో నిలబెడితే, అది అంచు మీద ఆగకుండా నిలువునా లోపలికి దిగి, మధ్యలో ఇరుక్కుపోయింది. నుదుటికి చెమట పట్టింది. చెమట మామూలుగానే పట్టే ఊరు కాబట్టి ఎవరూ గమనించలేదు. దిమ్మెను తలకిందులు చేసి అరచేత్తో కొట్టి కొట్టి పెన్నును దక్కించుకునేసరికి అరగంట.

"కొలత లేకుండా ఎట్ల పోయినావప్పా?" అంది అమ్మ. వంటింట్లోకి పోయి పప్పుల డబ్బాలు తెచ్చి వరండాలో బోర్లించింది. ఒక్కో గింజా తీసి పాళీ పక్కన ఒకసారి, గొంతు అంచు పక్కన ఒకసారి పెట్టి చూసింది. పెసర చిన్నది. బొబ్బర పొడుగు, దాన్ని నమ్మలేం. పాళీ, నాలుక కలిపి చూస్తే లావు సరిగ్గా ఒక కంది గింజంత. గొంతు అంచు మాత్రం నాటు శనగ గింజంత.

"ఇదో సూడు," అంది. "కంది దూరల్ల, శనగ ఆగల్ల. పోయి అంతే సెప్పు."

చేతిలో ఒక కంది, ఒక శనగ పట్టుకుని నేను మళ్ళీ బురుజు దగ్గరికి పోయాను. వడ్రంగి నవ్వుతాడనుకున్నాను. ఆయన రెండు గింజల్నీ అరచేతిలో వేసుకుని, అటూ ఇటూ దొర్లించి, "ఇదీ కొలతంటే," అన్నాడు. దిమ్మె రెండో పక్క ఇంకో రంధ్రం పెట్టాడు. కందిని వదిలాడు, టక్కున కింద పడింది. శనగను వదిలాడు, అంచు మీద రాజాలా కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే, ఎండ ఎక్కకముందే, వరండాలో పని మొదలైంది. దిమ్మెను రెండు ఇటుకల మధ్య పెట్టాను. కింద పాళీ పడేచోట దూది పరిచిన గిన్నె. గొంతు రంధ్రం మీద కూర్చుంది. కడ్డీ దించాను. తట్టడానికి అమ్మ చపాతీ కట్టె. తీరా ఎత్తాక నా చెయ్యి దిగలేదు. నాలుక విరిగితే ఇంకో నాలుక దొరకదు. మిగిలేది ఖాజీ ఇంకు ప్యాడు.

"ఇట్లా ఇయ్యి," అన్నారు సారు. ఎడమచేత్తో చపాతీ కట్టె తీసుకున్నారు. "నువ్వు కడ్డీ పట్టుకో. ఇరిగితే నా సేత్తోనే ఇరగనీ."

నేను వెంటనే ఒప్పుకున్నాను. పెద్దల మాట కాదనడం నా పద్ధతి కాదు, ముఖ్యంగా తప్పు వాళ్ళ ఖాతాలోకి పోయేటప్పుడు.

అమ్మ బిస్మిల్లా అంది. నేను శ్రీశైలం మల్లన్నకు ఒక కొబ్బరికాయ ఒప్పుకున్నాను. సారు తట్టారు. ఏమీ కాలేదు. ఇంకోసారి తట్టారు. ఏమీ కాలేదు. మూడోసారి, నాలుగోసారి. ఐదోసారి కడ్డీ నా వేళ్ళ మధ్య ఒక బియ్యపు గింజంత దిగింది. పెద్ద చప్పుడేమీ లేదు. గిన్నెలో దూది మీద మెత్తగా ఏదో పడింది.

ముగ్గురం ఒకేసారి వంగాం, తలకాయలు కొట్టుకున్నాయి. దూది మీద పాళీ, నాలుక, రెండూ ముక్క పోకుండా ఉన్నాయి. నీళ్ళలో వేస్తే నీలం తీగ ఒకటి మెలికలు తిరుగుతూ గిన్నె అంతా పాకింది. అది సారు చివరిసారి నింపిన సిరా. ఏం రాయడానికి నింపారో ఆయనకు గుర్తులేదు. "ఇంగెవరి టీసీనో," అన్నారు.

పళ్ళు తోమే పాత బ్రష్షుతో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ బిగించి, గొట్టంలో కొత్త సిరా పోశాం. ఈసారి నీళ్ళు కుండలోవి. సారు కాగితం మీద పాళీ ఆనించారు, నొక్కలేదు. గీత తడిగా, నల్లగా, మెత్తగా సాగింది. పద్నాలుగు అక్షరాలు. అన్నీ కాగితం మీద పడ్డాయి.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ సారు కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశారు. అక్షరాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి, వాలు దిగే గొర్రెల మందలా కిందికి జారిపోయి ఉన్నాయి.

"ఇది నా సంతకం కాదప్పా," అన్నారు. "పెన్ను బాగైంది. సెయ్యి బాగు కాలేదు."

నాకు ఓదార్చడం రాదు. నాకు వచ్చిందే అడిగాను.

"సార్, మా జేజికి నాలుగేశారు గదా. దీనికెంత ఏస్తారు?"

సారు నన్ను చూశారు, కాగితాన్ని చూశారు. పంతులు కళ్ళతోనే చూశారు. "ఒకటి."

"సున్నా కాదా సార్?"

"సున్నా ఏస్తే పిల్లోళ్ళు మర్సటి దినం బడికి రారు."

మర్నాడు ఆయన బడికి వచ్చారు. నాలుగు గీతల కాపీ పుస్తకం తెమ్మన్నారు, తెచ్చాను. రోజూ పొద్దున ఒక పేజీ, సాయంత్రం ఒక పేజీ, సొంత పేరు. పేజీ చివర ఎర్ర పెన్నుతో మార్కు వేయడం మాత్రం నా పని, ఆయన చెప్పింది నేను వేయాలి. ఎర్రది బాల్‌పెన్ను కాబట్టి నొక్కాలి. రెండో రోజు ఒకటి. మూడో రోజు ఒకటి. నాలుగో రోజు రెండు వేయమన్నారు, అంతలోనే "వద్దు, ఒకటిన్నర" అన్నారు. అర మార్కు కోసం ఆయనతో ఆయనే తగవు పడటం చూసి, మా జేజి కోపం నాకు మొదటిసారి న్యాయంగా అనిపించింది. ఏడో రోజు మూడు దాకా వచ్చారు. ఆ సాయంత్రం కడపకు ఫోను చేసి, స్పీకరు మీదే, "వకీలును నేనే. ఖాజీకి సెప్పు," అన్నారు. అవతల అల్లుడు ఇంకు ప్యాడు మాట ఎత్తలేదు. కానీ మరిచిపోయినట్టు కూడా లేదు.

నిఖా రోజు తెల్లారగానే కారులో బయలుదేరాం. సారు ముందు, అమ్మ, నేను వెనక. నా ఒళ్ళో పెన్ను. దాన్ని ఖాళీగా తెచ్చాం. ఇలాంటి పెన్ను సిరాతో వేడెక్కితే పాళీ నుంచి కక్కుతుంది, సారు తెల్ల షేర్వానీ మీద అది కక్కితే ఇంకో కథ మొదలవుతుంది. సిరాను కళ్ళలో వేసుకునే మందు సీసా ఒకటి కడిగి అందులో పోసుకున్నాను. మైదుకూరులో టీకి ఆగినప్పుడు సారు దిగలేదు. సీట్లోనే కూర్చుని, ఉత్త వేలితో మోకాలి మీద పేరు రాసుకుంటున్నారు. నేను చూడనట్టు బన్ను తిన్నాను.

షాదీఖానాలో ఫ్యాన్లు అన్నీ తిరుగుతున్నాయి, గాలి ఒక్కటి లేదు. సారు సాక్షులిద్దరితో లోపలికి పోయి వచ్చారు. పిల్ల ఒప్పుకుందని సభలో చెప్పారు, గొంతు స్పష్టంగా ఉంది. ఖాజీ పుస్తకం తిప్పి ఆయన ముందు పెట్టాడు. పుస్తకం పక్కనే, మూత తెరిచి, నీలం ఇంకు ప్యాడు.

నేను మోకాళ్ళ మీద కూర్చుని, పెన్ను విప్పి, మందు సీసా నుంచి చుక్క చుక్కగా నింపాను. వెనక ఎవరో పెద్దాయన అడిగాడు: "ఏమైంది, కండ్లు కనపడవా ఆయనకి?"

సారు రాయడం మొదలుపెట్టారు. ఒకటి, రెండు, మూడు. సభలో అందరూ చూస్తున్నారు. మామూలుగా ఆ సమయానికి అందరి ధ్యాసా బిర్యానీ మీద ఉంటుంది, దమ్ము తీసిన వాసన అప్పటికే వస్తోంది. అయినా చూస్తున్నారు. ఎనిమిదో అక్షరం దగ్గర చెయ్యి ఆగింది. పాళీ కింద చిన్న చుక్క ఒకటి పెద్దదవుతోంది. అల్లుడు ముందుకు వంగి, ఎంతో మర్యాదగా, ప్యాడును ఒక అంగుళం దగ్గరికి జరిపాడు.

సారు తల ఎత్తలేదు. ఎడమచెయ్యి చాపి, ఆ ప్యాడు మూత మూసేశారు. టక్కుమని శబ్దం. తర్వాత తొమ్మిదో అక్షరం రాశారు.

పద్నాలుగూ అయ్యాక ఖాజీ పుస్తకం మూయబోయాడు. "ఆగప్పా," అన్నారు సారు. "తడి ఉండాది. ఆరనీ." సభ మొత్తం ఒక సంతకం ఆరేదాకా కూర్చుంది. ఖాజీ మెల్లగా దాని మీద ఊదాడు.

భోజనాలయ్యాక బయట నీడలో నిలబడి జేజికి ఫోను చేశాను. నాలుగో మాటకే అడిగేసింది: "సారు సంతకం పెట్టినాడా, ఏలు ఏసినాడా?"

"సంతకమే జేజీ."

"వంకరగుండాదా?"

"కొంచెం. ఒక చుక్క కూడా పడింది."

"మార్కులెన్ని?"

ఫోను మీద చెయ్యి పెట్టి సారును అడిగాను. ఆయన చెట్టు కింద కుర్చీలో కూర్చుని, సిరా అంటిన వేళ్ళను చూసుకుంటున్నారు. అమ్మ వాటిని తుడవడానికి తడిగుడ్డ తెస్తే ఇవ్వడం లేదు.

"నాలుగు," అన్నారు.

జేజికి చెప్పాను.

"నాలుగే ఏసుకున్నాడా?" అంది. "సర్లే. మంచి సారే."

తిరుగు ప్రయాణంలో సారు కారెక్కగానే నిద్రపోయారు. మైదుకూరు దాటాక లేచి, వెనక్కి తిరగకుండానే అడిగారు: "ఏమప్పా, ఆ కాపీ పుస్తకంలో ఇంగెన్ని పేజీలుండాయి?"

"సగం పైన ఉన్నాయి సార్."

"సాలవు. ఇంగోటి తీసుకో. ఆరు మార్కులు మిగిలిండాయి."

అమ్మ కళ్ళు మూసుకునే, "ముందు నా స్టవ్వు కడ్డీ ఇయ్యండి," అంది.